‘మైక్రోప్లాస్టిక్ ఫ్రీ’ స్టిక్కర్ ఉన్న ఆర్ఓ ఫిల్టర్: ఎనిమిది నెలలు వాడాక

ముందే చెప్పేస్తున్నా, మెషిన్ బాగానే పనిచేస్తోంది. నీళ్లు బాగున్నాయి, మోటారు చప్పుడు కూడా పెద్దగా లేదు. ఐదుకి మూడున్నర ఇస్తాను. పోయిన ఆ ఒకటిన్నర ఎందుకు పోయిందో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నా, ఎందుకంటే కొనేముందు నేను వెతికినప్పుడు తెలుగులో దొరికినవన్నీ "సూపర్ ప్రొడక్ట్, డెలివరీ టైమ్‌కి వచ్చింది, బిగించడానికి వచ్చిన కుర్రాడు మర్యాదగా మాట్లాడాడు" బాపతే. కుర్రాడి మర్యాదని బట్టి నీళ్లలో ఏముందో ఎలా తెలుస్తుంది చెప్పండి.

కంపెనీ పేరు రాయను. నేను తిరిగిన రెండు షోరూముల్లోనూ ఏదో ఒక మెషిన్ మీద ఈ ‘మైక్రోప్లాస్టిక్ ఫ్రీ’ మాట కనిపించింది, కాబట్టి ఎవరో ఒక్కరి మీద పడి ఏడవడం అనవసరం. మేం కొన్నది ఆర్ఓ (నీళ్లని ఒత్తిడితో సన్నటి పొరలోంచి తోసి ఉప్పులు తీసేది), యూవీ (అతినీలలోహిత కాంతితో క్రిముల్ని చంపేది) రెండూ ఉన్నది, ఏడు లీటర్ల స్టీలు ట్యాంకు, ముందు వైపు అరచేతంత ఆకుపచ్చ స్టిక్కర్: "100% మైక్రోప్లాస్టిక్ ఫ్రీ వాటర్", అంటే సన్నటి ప్లాస్టిక్ రేణువు ఒక్కటీ లేని నీళ్లని. పండగ ఆఫర్‌లో 18,500 పడింది.

మాది హైదరాబాద్‌లో బాచుపల్లి వైపు అపార్ట్‌మెంటు. మంజీరా కనెక్షన్ ఉంది (అందరం మంజీరా అనే అంటాం, పైపులో వచ్చేది గోదావరో కృష్ణో ఎవరు చూడొచ్చారు), కానీ అది రోజు విడిచి రోజు వచ్చి, బోరు నీళ్లున్న సంపులోనే పడుతుంది. ఆ కలగాపులగం నీళ్లలో నా 250 రూపాయల మీటరు ముంచితే టీడీఎస్ (లీటరు నీళ్లలో కరిగిన లవణాలు, మిల్లీగ్రాముల్లో) 640 చూపిస్తుంది. ఎండాకాలం బోరు ఒక్కటే నడిచినప్పుడు 900 దాటుతుంది. మన దేశపు తాగునీటి ప్రమాణంలో మంచి హద్దు 500, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. అంటే మా నీళ్లు తాగితే మంచాన పడేంత చెడ్డవి కావు, అలాగని కందిపప్పు ఒక పట్టాన ఉడికే రకమూ కాదు. ట్యాపుల మూతులకి తెల్లగా సున్నం, గీజరు రెండేళ్లకోసారి రిపేరు.

అందుకే నాలుగేళ్లు క్యాన్లతోనే నెట్టుకొచ్చాం. ఇరవై రూపాయలకి ఇరవై లీటర్లు, పొద్దున్నే కింద నుంచి "అక్కా, క్యాన్ వేయాలా" అని కేక. నాకు ఏ అనుమానమూ లేదు ఒక ఆదివారం దాకా. ఆరోజు కుర్రాడు రాలేదు, ఇంట్లో చుట్టాలు, నేనే బండి మీద ఖాళీ క్యాన్ పెట్టుకుని ప్లాంటుకి వెళ్లా. షట్టరు లోపల రెండు పెద్ద స్టీలు ట్యాంకులు, గోడకి లక్ష్మీదేవి ఫొటో, కాలు పెడితే జారే తడి. క్యాన్లు కడగడం అక్కడే మొదటిసారి చూశా. మోటారుకి బిగించిన నిలువు బ్రష్ ఒకటి గిరగిరా తిరుగుతూ ఉంటుంది, క్యాన్ని తలకిందులు చేసి దాని మీదకి దించి, అటూ ఇటూ రెండుసార్లు ఊపి, పది లెక్కపెట్టేలోపు తీసేస్తారు. బ్రష్ కుచ్చులన్నీ ఒకవైపుకి ఒరిగిపోయి, కొసలు చీలిపోయి, మూడేళ్లు మార్చని టూత్‌బ్రష్‌లా ఉన్నాయి.

పక్కనే పగిలిన క్యాన్ని సగానికి కోసి అందులో మనీప్లాంట్ పెట్టారు. నా వంతు వచ్చేదాకా ఊరికే నిలబడలేక దాని అంచు లోపల వేలు పెట్టి రాశా. బయట నున్నగా ఉంది. లోపల గోరుకి గీతలు తగులుతున్నాయి, ఒకదాని మీద ఒకటి, గుండ్రంగా, బ్రష్ తిరిగిన దారంతా. వెలుతురులో పెడితే ఆ భాగం నీలం పోయి పాలరంగుకి తిరిగింది. మరి ఆ గీతల్లోంచి లేచిన పొట్టంతా ఎటు పోయినట్టు? కొంత కడిగిన నీళ్లతో మోరీలోకి పోయి ఉంటుంది. అంతా పోయిందని మాత్రం నాకు నమ్మకం లేదు.

ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టా, అక్కడితో నిద్ర పోయింది. జర్మనీలో 2018లో సీసా నీళ్లలో ప్లాస్టిక్ రేణువులు లెక్కపెట్టారు. ఒకసారి తాగి పారేసే ప్లాస్టిక్ సీసాల్లో లీటరుకి సగటున 14 ఉన్నాయి. అక్కడ షాపుకి తిరిగిచ్చేస్తే కడిగి మళ్లీ మళ్లీ నింపే ప్లాస్టిక్ సీసాలు కూడా ఉంటాయి, వాటిలో 118. మన క్యాన్ ఆ రెండో జాతిదే కదా, పైగా వాళ్ల సీసా ఎర్రటి ఎండలో ట్రాలీ ఆటో ఎక్కి గుంతల్లో ఎగురుతూ రాదు.

సరే, మెషిన్ కొందామని ఫోన్ చేస్తే మర్నాడే డెమో అతను వచ్చాడు. పాతికేళ్లు ఉంటాయేమో, టక్ చేసుకుని, భుజాన బరువైన బ్యాగు. అందులోంచి రెండు గాజు గ్లాసులు, కింద కడ్డీలు వేలాడే నల్ల పెట్టె ఒకటి తీశాడు. ఒక గ్లాసులో మా ట్యాపు నీళ్లు, రెండో గ్లాసులో తన సీసాలోంచి ఆర్ఓ నీళ్లు. కడ్డీలు ముంచి ప్లగ్గు పెట్టగానే మా నీళ్లు ముందు పసుపు, తర్వాత ఆకుపచ్చ, నిమిషం తిరక్కుండా చాయ్ రంగు, పైన నురగ. అతని నీళ్లు మాత్రం తేటగా అలాగే ఉన్నాయి. "చూశారా మేడమ్, ఇదంతా మీరు రోజూ తాగుతున్న ప్లాస్టిక్, కెమికల్స్" అన్నాడు. మా అత్తమ్మ నిజంగానే బెదిరిపోయింది. "అయ్యో, పోరగాండ్లకు గివేనా తాపుతున్నం" అని నోటి మీద చెయ్యేసుకుంది.

నేను ఇంటర్‌లో ఎంపీసీ. మార్కులు ఏమైతేనేం, ఆ కెమిస్ట్రీ ల్యాబ్ మాత్రం గుర్తుంది. వంటింట్లోంచి చిటికెడు ఉప్పు తెచ్చి అతని తేట గ్లాసులో వేసి, ఇప్పుడు పెట్టు బాబూ ప్లగ్గు అన్నా. పెట్టాడు పాపం. అదీ చాయ్ రంగే. ఆ రంగు నీళ్లలోంచి వచ్చేది కాదు, ఇనప కడ్డీ కరిగి వచ్చే తుప్పు. లవణాలున్న నీళ్లలో కరెంటు పారి కడ్డీ కరుగుతుంది, ఆర్ఓ నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి కడ్డీ అలాగే ఉంటుంది, అంతకంటే ఏమీ లేదు. టీడీఎస్ మీటరూ అదే బాపతు. కరిగిన ఉప్పుల వల్ల కరెంటు ఎంత పారుతుందో చూసి అంకె చెబుతుంది. ప్లాస్టిక్ నీళ్లలో కరగదు, కరెంటు మోయదు, గ్లాసులో చెంచాడు ప్లాస్టిక్ పొడి కలిపినా మీటరు తన పాత అంకె మీదే ఉంటుంది. కాబట్టి ఎవరైనా మీటరు ముంచి "చూడండి, ప్లాస్టిక్ పోయింది" అంటే, టీ ఇచ్చి పంపేయండి.

"ఇది మాకు ట్రైనింగ్‌లో చెప్పలేదు మేడమ్" అన్నాడు చిన్నగా. అతని తప్పేముంది. మేమూ కాఫీ ఇచ్చే పంపాం, వారం తర్వాత అదే మెషిన్ కొన్నాం కూడా. నవ్వకండి. మాకు కావాల్సింది నీళ్లలో ఉప్పు తగ్గడం, క్యాన్ల పీడ వదలడం, స్టీలు ట్యాంకు. ఆ మూడూ దొరికాయి.

బిగించే రోజు ముందు డొప్ప ఊడదీసి పక్కన పెట్టి అతను డ్రిల్లు కోసం కిందికి వెళ్లాడు. నేను దగ్గరికెళ్లి చూశా. స్టీలు ట్యాంకు ఒక్కటే స్టీలు! తెల్ల పైపులు సేమ్యాలా అల్లుకుని ఉన్నాయి, అన్నీ ప్లాస్టిక్కే. మట్టి, ఇసుక ఆపే సెడిమెంట్ క్యాండిల్ అంటే ప్లాస్టిక్ దారాన్ని మెత్తగా చుట్టిన కండె. కార్బన్ కార్ట్రిడ్జ్ పెంకు ప్లాస్టిక్. మెషిన్‌కి గుండెకాయ అని వాళ్లు చెప్పే మెంబ్రేన్, అంటే ఉప్పుల్ని ఆపే ఆ సన్నటి పొర కూడా పాలిఅమైడ్, అంటే నైలాన్ జాతి, చాప చుట్టినట్టు చుట్టి గొట్టంలో పెడతారు. మెంబ్రేన్ దాటాక కూడా నీళ్లు నేరుగా ట్యాంకులోకి పోవు, ఇంకో కార్బన్ కార్ట్రిడ్జ్, తర్వాత మినరల్ కార్ట్రిడ్జ్, తర్వాత మూరెడు పైపు, చివరికి ప్లాస్టిక్ కుళాయి, అప్పుడు గ్లాసు.

ఆర్ఓ దండగ అని నేను అనడం లేదు. మెంబ్రేన్ రంధ్రాన్ని మైక్రాన్‌లో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పదివేలో వంతుగా లెక్కేస్తారు, మన తల వెంట్రుక 70 మైక్రాన్లు అటూఇటూ. బయట నుంచి వచ్చే ప్లాస్టిక్ రేణువు ఎంత సన్నదైనా ఆ సందులోంచి దూరడం అయ్యే పని కాదు, మెంబ్రేన్ చిరక్కుండా, రబ్బరు రింగులు సరిగ్గా కూర్చుని ఉంటే చాలు. నా పేచీ అక్కడ కాదు. ఆ మెంబ్రేన్ గోడ అవతల మళ్లీ ప్లాస్టిక్ సామానే పరిచి, దాని మీద "100%" అని ఏ లెక్కన వేశారు?

అదే అడుగుతూ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టా, ఏ ల్యాబ్‌లో పరీక్ష చేయించారు, ఎన్ని మైక్రాన్ల దాకా లెక్కపెట్టారు అని. పదకొండు రోజులకి పీడీఎఫ్ వచ్చింది, నాలుగు పేజీలు. పీహెచ్, టీడీఎస్, హార్డ్‌నెస్, క్లోరైడ్, ఇనుము, కోలిఫామ్ బ్యాక్టీరియా అన్నీ ఉన్నాయి. ప్లాస్టిక్ అనే మాట ఒక్కచోట కూడా లేదు. మళ్లీ రాస్తే ఈసారి ఫోనే వచ్చింది: "మేడమ్, మా మెంబ్రేన్ 0.0001 మైక్రాన్, కాబట్టి లాజికల్‌గా ఫ్రీ." లాజికల్‌గా అట! మా పెద్దాడు స్టెప్పులు లేకుండా ఇలా ఆన్సర్ రాస్తే వాళ్ల లెక్కల సార్ సున్నా చుట్టి పంపిస్తారు.

అసలు తమాషా బ్రోషర్‌లో ఉంది. మొదటి పేజీలో ఎర్రక్షరాలతో "లీటర్ బాటిల్ నీళ్లలో 2.4 లక్షల ప్లాస్టిక్ ముక్కలు!" అని వేశారు. ఆ అంకె అబద్ధం కాదు. 2024 జనవరిలో అమెరికాలో కొలంబియా, రట్గర్స్ యూనివర్సిటీల వాళ్లు ప్రచురించిన పేపర్‌లోది. అక్కడ అమ్మే మూడు బ్రాండ్ల సీసా నీళ్లు తీసుకుని, లేజర్ మైక్రోస్కోపుతో మైక్రాన్ కంటే చిన్న ముక్కల్ని కూడా లెక్కపెట్టారు. లీటరుకి 1.1 లక్షల నుంచి 3.7 లక్షల దాకా వచ్చాయి, సగటు 2.4 లక్షలు, అందులో 90 శాతం ఆ సన్న రకం, నానోప్లాస్టిక్. అంతకుముందు 2018లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఫ్రెడోనియాలో మన దేశంతో కలిపి 9 దేశాల్లో కొన్న 259 సీసాలు చూస్తే లీటరుకి సగటున 325 వచ్చాయి, 93 శాతం సీసాల్లో ప్లాస్టిక్ ఉందని అప్పట్లో టీవీలన్నీ మోగిపోయాయి. ఆరేళ్లలో 325 కాస్తా 2.4 లక్షలు అయిపోయిందని కంగారు పడకండి, నీళ్లు అవే, చూసే కన్ను మారింది. అప్పటి పద్ధతిలో ఆరేడు మైక్రాన్ల కంటే చిన్నవి కనపడేవే కావు.

బ్రోషర్‌లో వేయని ముక్క ఒకటుంది. ఆ కొలంబియా వాళ్లకి సీసా తయారయ్యే పెట్ ప్లాస్టిక్ కంటే పాలిఅమైడ్ ముక్కలు ఎక్కువ దొరికాయి. సీసా నైలాన్‌ది కాదే, మరి ఇదెక్కడిది అని ఆలోచించి, నింపేముందు నీళ్లని శుద్ధి చేసే ప్లాస్టిక్ ఫిల్టర్ల నుంచే వచ్చి ఉండొచ్చని వాళ్లే అనుమానం చెప్పారు. అంటే ఫిల్టర్ అమ్ముకోడానికి వాడిన అంకె వెళ్లి వెళ్లి ఫిల్టర్ మీదే వేలు పెట్టింది. బ్రోషర్ వేయించిన వాళ్లు హెడ్డింగు చదివి ఆపేసి ఉంటారు. మా ఇంటి మెంబ్రేన్ కూడా అలా రాలుతోందని నేను చెప్పలేను, ఇంట్లో దాన్ని కొలిచే దారే లేదు. కొలవని దానికి స్టిక్కర్ వేసినందుకే ఒక స్టార్ కోత.

ఇక్కడ మా అత్తమ్మ సంగతి చెప్పాలి. ఆవిడది నల్గొండ జిల్లా, మర్రిగూడ వైపు పల్లె. ఫ్లోరైడ్ నీళ్లకి పళ్లు గారపట్టిన తరం, నడుములు వంగిపోయిన వాళ్లని ఇంటింటా చూసిన ఊరు. నీళ్ల విషయంలో ఆవిడకున్న భయం, జాగ్రత్త మాకెవరికీ రావు. మెషిన్ రాకముందు క్యాన్ అందని రోజుల్లో ఆవిడ బోరు నీళ్లు స్టీలు గిన్నెలో తెర్లబెట్టి, చల్లారనిచ్చి, పాత మల్లు పంచె నాలుగు మడతలేసి వడగట్టేది. గుడ్డ మీద విభూతి లాంటి తెల్ల పొడి మిగిలేది. నేను "ఈ కాలంలో గుడ్డేంటి అత్తమ్మా" అని వేళాకోళం చేసేదాన్ని.

2024 ఫిబ్రవరిలో చైనాలో గ్వాంగ్‌జౌ పరిశోధకులు సరిగ్గా ఇదే పని ల్యాబ్‌లో చేసి చూశారు. ప్లాస్టిక్ రేణువులు కలిపిన నీళ్లని ఐదు నిమిషాలు మరిగించి వడగట్టారు. లీటరుకి 300 మిల్లీగ్రాముల సున్నం ఉన్న గట్టి నీళ్లలో 90 శాతం దాకా ప్లాస్టిక్ పోయింది. సున్నం పెద్దగా లేని నీళ్లలో 25 శాతమే. వేడికి సున్నం గడ్డకట్టేటప్పుడు ప్లాస్టిక్ రేణువుల చుట్టూ పేరుకుని వాటిని కూడా తనలో కలిపేసుకుంటుంది, ఆ పెచ్చు వడగుడ్డలో ఆగిపోతుంది. ట్యాపులు పాడుచేసి, గీజరు తినేసే మా బోరు సున్నానికి ఇంతకాలానికి ఒక మంచి పని దొరికింది! అత్తమ్మకి చదివి వినిపిస్తే, "చైనోళ్లు చెప్తె గని నమ్మవా" అని ఒక్కటే మాట.

కానీ రెండు జాగ్రత్తలు. ఆర్ఓ నీళ్లు మరిగిస్తే ఈ లాభం పెద్దగా ఉండదు, సున్నాన్ని మెషిన్ ముందే లాగేస్తుంది కాబట్టి. ఇంకోటి, ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు, నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. అంటే అత్తమ్మ ఊళ్లో ఈ చిట్కా పనికిరాదు, అక్కడ ఒకప్పుడు పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతి తెచ్చారు, ప్రపంచమంతా దాన్ని నల్గొండ టెక్నిక్ అనే పిలుస్తుంది. తర్వాత ఆర్ఓ ప్లాంట్లు, ఆ తర్వాత మిషన్ భగీరథ. మన దగ్గర ఊరూరా ఆర్ఓ ఇంత పాకడానికి ఫ్యాషన్ ఒక్కటే కారణం కాదు, ఫ్లోరైడ్ కూడా. అది మర్చిపోయి ఆర్ఓని తిట్టడం నాకు నచ్చదు.

మెషిన్ వచ్చిన మొదటి రెండు నెలలు మేం చేసిన ఘనకార్యం ఏమిటంటే, 18,500 పోసి తీసిన ఆ నీళ్లని కూల్‌డ్రింక్ తాగేశాక దాచుకున్న రెండు లీటర్ల సీసాల్లో నింపి ఫ్రిజ్‌లో పెట్టడం. మీ ఫ్రిజ్ తెరిచి చూడండి, డోర్‌లో నాలుగుంటాయి, మూతల రంగులు కూడా ఒకదానికొకటి కలవవు. మూత తిప్పినప్పుడల్లా మూతా, సీసా మెడా రాసుకుని ప్లాస్టిక్ పొడి రాలుతుందని ఇటలీలో 2019లో చూపించారు. మేం ఆ మూతల్ని రోజుకి ఇరవై సార్లు తిప్పుతాం. ఇప్పుడు ఫ్రిజ్‌లో స్టీలు సీసాలు, పిల్లల బ్యాగుల్లోనూ స్టీలే, గట్టు మీద అత్తమ్మ కోసం కుండ. కుండ నీళ్లకి ఆర్ఓ రుచి లేనితనం కూడా కాస్త పోతుంది, ఇది శాస్త్రం కాదు, నా నాలుక మాట.

మా ఆయనది వేరే కథ. ఇంట్లో ఇంత హడావిడి చేసి, ఆఫీసు కింద బండి దగ్గర రోజూ మూడు పేపర్ కప్పుల చాయ్. పేపర్ కప్పు లోపల కాగితం నానకుండా పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు 85, 90 డిగ్రీల వేడి నీళ్లు 100 మిల్లీలీటర్లు ఆ కప్పుల్లో పోసి పావుగంట ఉంచి చూస్తే 25,000 దాకా మైక్రాన్ సైజు రేణువులు వచ్చాయి. "పావుగంట చాయ్ ఎవడు తాగుతాడు, రెండు నిమిషాల్లో అయిపోతుంది" అని ఈయన వాదన. పాయింటే. కానీ సాయంత్రం చుట్టాలొస్తే తెచ్చే పార్సిల్ చాయ్ మాటేమిటి? పొగలు కక్కే చాయ్‌ని పల్చటి కవర్లో పోసి, రబ్బరు బ్యాండు బిగించి, అది బెలూన్‌లా ఉబ్బి, ట్రాఫిక్‌లో ఇరవై నిమిషాలు బండి హ్యాండిల్‌కి ఊగుతూ వస్తుంది. కవర్ని ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, మెత్తబడి సాగుతూ ఉంటుంది. ఇప్పుడు పార్సిల్‌కి ఫ్లాస్క్ పట్టుకెళుతున్నాం, ఆయన డ్రాయర్‌లో స్టీలు గ్లాసు ఉంది. బండి అన్న మొదటిరోజు వింతగా చూశాడట, ఇప్పుడు కప్పు ఖర్చు మిగులుతుందని గ్లాసు నిండా పోస్తున్నాడట. ఇరానీ హోటల్‌లో కూర్చుంటే పింగాణీ కప్పే కాబట్టి అక్కడ గొడవ లేదు.

ఆఫీసుల్లో ఇచ్చే పట్టులాంటి పిరమిడ్ టీ బ్యాగులు మాత్రం దయచేసి వద్దు. కెనడాలో మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్లు 2019లో 95 డిగ్రీల నీళ్లలో ఒక్క ప్లాస్టిక్ బ్యాగు ముంచితే 1,160 కోట్ల మైక్రో, 310 కోట్ల నానో రేణువులు వచ్చాయని రాశారు. ఆ లెక్క మరీ ఎక్కువని వాదించిన శాస్త్రవేత్తలు కూడా ఉన్నారు. అందులో సగానికి సగం కొట్టేసినా ఇంకా కోట్లే కదా, చాయ్‌పత్తా వేసుకుని స్టీలు జల్లెడతో వడగట్టుకుంటే పోయేదానికి.

గాజు అయితే చాలు అనుకుని నేను మురిసిపోతుంటే ఫ్రాన్స్ ఆహార భద్రతా సంస్థ ఆన్సెస్ 2025లో ఒక దెబ్బ వేసింది. కూల్‌డ్రింకులు, నిమ్మరసం, ఐస్ టీ, బీరు లాంటి వాటిలో ప్లాస్టిక్ సీసాల కంటే గాజు సీసాల్లోనే ఎక్కువ రేణువులు, లీటరుకి వంద దాకా. దొంగ ఎవరంటే మూత మీద రంగు. రేకు మూతలు ఒకదానికొకటి రాసుకుని పెయింటు రేగి సీసాలో పడుతోంది, బిగించేముందు మూతల్ని గాలితో ఊది కడిగితే బాగా తగ్గింది. నీళ్ల సీసాల్లో మాత్రం తేడా పెద్దగా లేదు, గాజులో 4.5, ప్లాస్టిక్‌లో 1.6. నేను ఈ మధ్య ముచ్చటపడి కొన్న రంగు రేకు మూతల గాజు సీసాలు ఆరూ ఇప్పుడు పప్పుల డబ్బాలయ్యాయి.

ఇంతా తాగితే ఒంటికి ఏమవుతుంది అని అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 రిపోర్టులో, తాగునీళ్లలో ఇప్పుడున్న మోతాదు వల్ల హాని ఉందనడానికి తగిన ఆధారాలు లేవు, ఇంకా పరిశోధన కావాలి అంది. 2024 మార్చిలో ఇటలీ డాక్టర్లు మెడ రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వు తీయించుకున్న 257 మందిని గమనించి, ఆ కొవ్వులో ప్లాస్టిక్ ఉన్నవాళ్లలో (సగానికి పైగా ఉన్నారు) గుండెపోటు, పక్షవాతం, చావు, వీటిలో ఏదో ఒకటి జరిగే ముప్పు నాలుగున్నర రెట్లు కనబడిందని రాశారు. ప్లాస్టిక్ వల్లే అని రుజువు కాలేదని వాళ్లే చెప్పారు. నేనైతే భయంతో కాదు, తగ్గించుకోవడం తేలికైన చోట తగ్గించుకుంటున్నా, అంతే. టెన్షన్ పడితే బీపీ ముందొస్తుంది.

ఇక మెషిన్ లెక్కలు. టీడీఎస్ 640 నుంచి 55కి దిగింది, మినరల్ మీట తిప్పి 90 దగ్గర పెట్టుకున్నాం. కొత్త మెంబ్రేన్ కదా, మొదటి రెండు ట్యాంకులు పారబోయమన్నాడు, మేం మూడు పారబోశాం. బకెట్ పెట్టి కొలిస్తే లీటరు మంచినీళ్లకి రెండున్నర లీటర్లు బయటికి పోతున్నాయి, ఆ పైపు బాల్కనీలో డ్రమ్ములోకి పెట్టి ఇల్లు తుడవడానికి, బాత్రూములకి వాడుతున్నాం, ఉప్పు కాబట్టి మొక్కలకి పోయను. నాలుగో నెలలో కుళాయి దగ్గర బొట్టు బొట్టు కారడం మొదలైంది, ఫోన్ చేస్తే "రేపు పక్కా మేడమ్" అని ఐదు రేపులు గడిచాక వచ్చాడు, మార్చింది మాత్రం రూపాయి వాషరు. మిగిలిన అర స్టార్ అక్కడ పోయింది. ఏడాది దాటాక ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) 4,800 అంటున్నారు, క్యాండిళ్లు, కార్బన్ కలిపి. మెంబ్రేన్ వేరే. స్టిక్కర్ స్టవ్వు ఆవిరికి అంచు లేచిపోతే మా చిన్నోడు పీకి కంపాస్ బాక్సు మీద అంటించుకున్నాడు.

కొనాలా అంటే, మీ నీళ్లు మాలాగ 600, 900 ఉంటేనో, ఫ్లోరైడ్ ఉంటేనో కొనండి, స్టీలు ట్యాంకుదే కొనండి, స్టిక్కర్‌కి పైసా ఎక్కువ ఇవ్వకండి. అచ్చంగా నల్లా నీళ్లే వచ్చి మీటరు 200, 300 చూపిస్తే ఆర్ఓ మీకు అనవసరం. 500 కంటే తక్కువ ఉన్నచోట ఆర్ఓ నిషేధించాలని పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లోనే చెప్పింది. యూఎఫ్ (అల్ట్రా ఫిల్ట్రేషన్, ఉప్పు తీయకుండా రేణువుల్ని మాత్రం ఆపేది) ఫిల్టర్ రంధ్రం మైక్రాన్‌లో వందో వంతు, మైక్రోప్లాస్టిక్ ఆపడానికి అది చాలు, నీళ్లు వృథా కావు, ధర మూడో వంతు. ముందు 250 పెట్టి మీటరు కొనుక్కుని మీ సంపులో, మీ ట్యాపులో విడివిడిగా ముంచి చూసుకోండి, డెమో వాడి మీటరు మీద ఆధారపడకండి.

క్యాన్ల కుర్రాడి దగ్గర మా రెండు క్యాన్ల డిపాజిట్ 300 ఇంకా రావాలి. కనబడినప్పుడల్లా "ఇస్తా అక్కా" అంటాడు, "మెషిన్ నీళ్లు బాగుండవక్కా, మళ్లీ క్యానే వేయించుకో" అని కూడా అంటాడు. ఏఎంసీ కట్టే రోజు వస్తే అప్పుడు మళ్లీ రాస్తా.